టీవీఎస్ ఎక్సెల్ 100: జీడిపిక్కల బస్తాకీ, చేపల గంపకీ ఎంతవరకు పనికొస్తుంది

ఉద్దానంలో కొబ్బరికాయల సంచులు తోటలోంచి రోడ్డు మీదకి తేవాలన్నా, బారువ, కళింగపట్నం రేవుల నుంచి చేపల గంప ఊళ్ళమ్మట తిప్పాలన్నా, నరసన్నపేటలో కిరాణా సరుకు ఎత్తుకుని పల్లెలో కొట్టుకి చేర్చాలన్నా ఈ ధరలో ఎక్సెల్ 100కి సాటి వచ్చే బండి లేదు. అదే బండి మీద రోజూ ఇద్దరు శ్రీకాకుళం నుంచి విజయనగరం ఉద్యోగానికి వెళ్ళి రావాలంటే మాత్రం కొనొద్దు. షోరూములో అందరూ ముందు అడిగేది మైలేజీ. అది అడగాల్సిందే గానీ, ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఎంత బరువు వేస్తారు, దారిలో ఎత్తులున్నాయా, బండికి ఉప్పునీళ్ళు తగులుతాయా. ఈ బండి ఎన్నేళ్ళు మన్నుతుందో వీటిని బట్టే ఉంటుంది.

ఇంజను 99.7 సీసీ, ఫోర్ స్ట్రోక్. శక్తి 4.4 పీఎస్ దగ్గర ఆగిపోతుంది. ఇంచుమించు అంతే సీసీ ఉన్న స్ప్లెండర్ ప్లస్ (97.2 సీసీ) 8 పీఎస్ ఇస్తుంటే ఇది అందులో సగమే ఇస్తోందేమని అడిగేవాళ్ళున్నారు. ఎక్సెల్ ఇంజనుని పరుగు కోసం కాదు, లాగడం కోసం చేశారు. దాని టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 6.5 న్యూటన్ మీటర్లు, 3,500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. స్ప్లెండర్ టార్క్ 8 న్యూటన్ మీటర్ల పైనే గానీ, అది పూర్తిగా అందాలంటే ఇంజను 6,000 ఆర్‌పీఎం దాకా తిరగాలి. అందుకే బురద గట్టు మీద, సంత రద్దీలో నెమ్మదిగా నడిచే చోట ఎక్సెల్ హాయిగా లాగేస్తుంది. గంటకి 50 కిలోమీటర్లు దాటాక మాత్రం గోల పెడుతుంది, 65 దగ్గర ఇక చాలంటుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు వెనకనుంచి హారన్ కొడుతుంటే పక్కకి తప్పుకోడానికి కావలసిన పికప్ దీనికి లేదు. సర్వీసు రోడ్డు ఉన్నంతవరకు దాని మీదే వెళ్ళడం మేలు.

గేరు ఒక్కటే. బండి మంచీ చెడూ రెండూ అక్కడే ఉన్నాయి. గేరు మార్చే పని లేదు కాబట్టి ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. కాళ్ళ మధ్య ఖాళీ చోటుంది కాబట్టి అక్కడే ఒక సంచి కూర్చుంటుంది. కానీ బరువు పెరిగినా, ఎత్తు ఎక్కినా కింది గేరులోకి దిగే వీలు లేదు. ఆ భారం మొత్తం క్లచ్చూ, చైనూ మోయాలి. ఈ బండికి వచ్చే రిపేర్లలో ముఖ్యమైనవన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

బరువు లెక్క

కంపెనీ చెప్పే మోత 130 కిలోలు. నడిపేవాళ్ళ బరువు కూడా అందులోదే. చాలామంది మర్చిపోయేది ఇదే. మన పలాస వైపు జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. నడిపేమనిషి 65 కిలోలుంటే ఒక్క బస్తాతోనే 145 అయిపోయింది. అంటే నిండు జీడి బస్తా ఒక్కటి కూడా లెక్క ప్రకారం ఈ బండికి ఎక్కువే. 50 కిలోల సిమెంటు బస్తా ఒకటి, చిన్న సరుకుల సంచి ఒకటి అయితే హాయిగా మోస్తుంది. 40 లీటర్ల పాల క్యాను ఒకటి నడుస్తుంది. రెండు నిండు క్యాన్లంటే పాలే 80 కిలోల పైన, డబ్బాల బరువు అదనం. నిండు గ్యాస్ సిలిండర్ ఒక్కోటి దగ్గర దగ్గర 30 కిలోలు, కాబట్టి రెండుతో ఆపాలి. రెండు బస్తాలు వేసుకుని వెళ్ళే బండ్లు రోజూ కనిపిస్తాయి, నిజమే. వాటి వెనక చక్రం స్పోకులు ఎన్నిసార్లు కట్టించారో అడిగితే తెలుస్తుంది.

ఎంత వేశామన్నది ఒక సంగతి, ఎక్కడ వేశామన్నది ఇంకో సంగతి. బరువైనది కాళ్ళ మధ్య, తేలికది వెనక. వెనక క్యారేజీ చివర బరువు వేలాడితే ముందు చక్రం తేలిపోతుంది, 40 వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. వెనక సీటు ఊడదీసుకునే వీలుంది, సరుకు బండిగా వాడేవాళ్ళు తీసేయడమే మంచిది. బరువు అంత కిందికి దిగుతుంది, బండి నిలకడగా ఉంటుంది. గోతం సైలెన్సర్‌కి తగిలితే కాలిపోతుంది, మధ్యలో రేకు ముక్క కట్టుకోవాలి.

అదనపు క్యారేజీ వెల్డింగ్ షాపులో చేయించేటప్పుడు రెండు జాగ్రత్తలు. వీలైనంతవరకు క్లాంపులూ బోల్టులతో బిగించే రకం చేయించండి, ఫ్రేము గొట్టానికే వెల్డింగ్ పెట్టిస్తే ఆ అతుకు పక్కనే తర్వాత పగులు వస్తుంది. తప్పక బండి మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీగ, ఈసీయూ (బండిలోని కంప్యూటరు) కనెక్టర్ రెండూ తీసేశాకే చేయనివ్వండి. బీఎస్6 కాలుష్య నిబంధనతో 2020 నుంచి వస్తున్న బండికి పెట్రోలు అందించేది ఆ కంప్యూటరే. వెల్డింగ్ కరెంటు అందులోకి పోతే అది కాలిపోతుంది, కొత్తది చిన్న ఖర్చు కాదు.

క్లచ్చు ఎందుకు కాలుతుంది

ఇందులో ఉన్నది సెంట్రిఫ్యూగల్ క్లచ్చు. ఇంజను వేగం పెరిగేకొద్దీ లోపలి షూలు బయటికి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. అవి పూర్తిగా పట్టుకునే లోపు కొద్దిసేపు జారుతాయి, ఆ జారుడులోనే అరుగుతాయి. ఖాళీ బండికి అది అర సెకను పని. 150 కిలోలు వేసి, ఎత్తు మీద ఆపి, మళ్ళీ కదిలిస్తే షూలు అలా జారుతూనే ఉంటాయి, వేడెక్కి లైనింగు అద్దంలా నున్నగా అయిపోతుంది. అప్పుడు కనిపించే లక్షణాలు ఇవి: రేజ్ చేస్తే ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు, కదిలినా ఆలస్యంగా ఎత్తుకుంటుంది, మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది, ఎత్తెక్కాక కాలిన వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి వచ్చిందంటే ఆరోజు బరువు దింపి చల్లారనివ్వాలి. మళ్ళీ మళ్ళీ వస్తుంటే షూల సెట్టు మార్చడమే. మార్చేటప్పుడు డ్రమ్ము లోపల వేలు పెట్టి చూడండి. గీతలు పడి, నీలం రంగు తిరిగి ఉంటే అదీ మార్చాలి. పాత డ్రమ్ములో కొత్త షూలు వేస్తే కొద్దికాలానికే మళ్ళీ అదే కథ.

ఎత్తు మీద బండిని బ్రేకుతో ఆపాలి, రేజ్ పట్టుకుని నిలబెట్టకూడదు. చాలామంది క్లచ్చుని తినేసేది ఈ అలవాటే. ఐడ్లింగ్ ఎక్కువ పెట్టినా చెరుపే. బండి ఆగి ఉన్నప్పుడు ముందుకి పాకుతోందంటే షూలు డ్రమ్ముని రాసుకుంటూనే ఉన్నాయని అర్థం.

ఈ క్లచ్చు ఇంజను ఆయిల్లో మునిగి ఉంటుంది. కాబట్టి ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న ఫోర్ స్ట్రోక్ బైకు ఆయిలే వాడాలి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, అవి క్లచ్చు పట్టుని తగ్గిస్తాయి. ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిలు పోస్తే క్లచ్చు బాగున్నా జారుతుంది. లీటరు డబ్బా మొత్తం వంపకండి, ఈ ఇంజనుకి అంత పట్టదు. బండిని స్టాండు మీద నిటారుగా పెట్టి, కొలపుల్ల చూసుకుంటూ రెండు గీతల మధ్యకి వచ్చేదాకే పోయాలి. పాత ఎక్సెల్ సూపర్ నడిపి ఇందులోకి మారినవాళ్ళకి ఇంకో మాట. అది టూ స్ట్రోక్ బండి, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాళ్ళం. ఎక్సెల్ 100కి అలా కలపకూడదు. కలిపితే ప్లగ్గు నల్లబడి మొరాయిస్తుంది.

ఘాటు దారులకి వద్దు

శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి, చీపురుపల్లి, బొబ్బిలి మైదానంలో దీనికి తిరుగు లేదు. సీతంపేట కొండల వైపో, సాలూరు దాటి ఒడిశా వెళ్ళే ఘాటులోనో, శృంగవరపుకోట నుంచి అరకు దారిలోనో బరువేసి నడపాలంటే వేరే బండి చూసుకోండి. ఎక్కడం కష్టం కాబట్టి ఈ మాట చెప్పడం లేదు. ఆగుతూ, చల్లార్చుకుంటూ ఎలాగో ఎక్కిస్తారు. భయపడాల్సింది దిగేటప్పుడు. గేర్ల బండి అయితే రెండో గేరులో వేసి వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. ఇందులో రేజ్ వదిలి వేగం తగ్గేసరికి క్లచ్చు విడిపోతుంది, ఇంజను పట్టు ఉండదు. మొత్తం భారం 110 మిల్లీమీటర్ల రెండు చిన్న డ్రమ్ము బ్రేకుల మీదే. వరసగా నొక్కిపట్టి దిగితే డ్రమ్ములు కాలి బ్రేకు పట్టు సడలిపోతుంది. 2019 నుంచి వస్తున్న బండ్లలో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పడే ఏర్పాటుంది. దానివల్ల మామూలు రోడ్డు మీద చక్రం జారడం తగ్గిందే తప్ప కాలిన డ్రమ్ముకి అది విరుగుడు కాదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళలో

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముంది. విజయనగరం వైపు భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో మత్స్యకార పల్లెలున్నాయి. అక్కడ ఈ బండిని చంపేది కిలోమీటర్లు కాదు, ఉప్పు. గాలిలోని ఉప్పు ఒకెత్తు, చేపల గంపలో ఐసు కరిగి కారే నీళ్ళు ఇంకోటి. ఆ నీళ్ళు పడేది సరిగ్గా వెనక రిమ్ము, స్పోకుల తలలు, చైను, షాకబ్జర్ల రాడ్ల మీద. స్పోకు తల దగ్గర తుప్పు పట్టాక దాన్ని బిగించే చిన్న నట్టు (నిప్పుల్) తిరగదు, స్పోకు విరుగుతుంది. ఒకటి విరిగాక దాని పక్క వాటి మీద భారం పడి వరసగా పోతాయి.

గంప కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టి, దానికి ఒక మూల రంధ్రం చేసి, పైపు గుచ్చి, చక్రానికి దూరంగా నేల మీదకి వదలాలి. ఇంత చిన్న పనికి వెనక చక్రం ఆయుష్షు రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. సాయంత్రం బేరం అయ్యాక మంచినీళ్ళతో కడగడం మర్నాటికి వాయిదా వేయొద్దు. కడిగాక చైను ఆరనిచ్చి, 90 నంబరు గేరాయిలు చుక్కలు చుక్కలుగా లోపలి వైపు లింకుల మీద పడేలా, చక్రం చేత్తో తిప్పుతూ వేయాలి. ఇంజను ఆపి చేయాల్సిన పని ఇది, వేళ్ళు పోయిన సంఘటనలు ఊరూరా ఉన్నాయి. మెకానిక్ షెడ్డులో దొరికే నల్లని వేస్టాయిలు వాడొద్దు. అందులో ఉన్న లోహపు పొడి, ఇసుక కలిసి చైనుని ఆకురాయిలా అరగదీస్తాయి.

చైను కింది వైపు మధ్యలో వేలితో పైకీ కిందకీ కదిపితే అంగుళం దాకా ఆట ఉండాలి. అంతకన్నా వదులైతే ఊడుతుంది, బిగువైతే బేరింగులు పోతాయి. బరువేసుకుని తిరిగే బండికి ఆటని ఖాళీగా చూడటమే కాదు, మనిషి కూర్చున్నాక కూడా ఒకసారి చూడాలి. చక్రం వెనక్కి జరిపాక రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూసి, వెనక బ్రేకు మళ్ళీ సరిచేసుకోవాలి. చక్రం జరిగితే బ్రేకు ఆట కూడా మారిపోతుంది. వెనక పళ్ళచక్రం మీద చైనుని వెనక్కి లాగి చూడండి. పన్ను సగం బయటపడితే చైను సాగిపోయినట్టే. అప్పుడు చైను ఒక్కటే మార్చి డబ్బులు మిగిలాయనుకోవద్దు, ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం, చైను మూడూ సెట్టుగా మార్చాలి. అరిగిన పళ్ళు కొత్త చైనుని తినేస్తాయి. లాకు లింకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను వెళ్ళే దిక్కుకి ఉండాలి, తెరిచిన నోరు వెనక్కి. ఇది తిరగేసి పెట్టిన బండ్లు చాలానే కనిపిస్తాయి. నడిరోడ్డు మీద క్లిప్పు ఎగిరిపోయాక గానీ తప్పు తెలియదు.

కొత్తగా వచ్చిన అల్లాయ్ చక్రాల హెవీ డ్యూటీ మోడల్ తీరం ఊళ్ళకి నిజంగా పనికొచ్చే మార్పు. స్పోకుల తుప్పు గొడవ ఉండదు, ట్యూబులెస్ టైరు కాబట్టి పంక్చరైనా గాలి ఒక్కసారిగా దిగదు. గుంతల్లో బరువుతో గట్టిగా పడితే అల్లాయ్ పగలొచ్చు, స్పోకు చక్రంలా సరిచేసి వాడుకోలేం. రోడ్డు బాగుంటే అల్లాయ్, పొలం గట్లూ రాళ్ళదారీ అయితే స్పోకులు.

వరద నీళ్ళు

వర్షాకాలంలో గెడ్డలు (వాగులు) పొంగి రోడ్డెక్కినప్పుడు సైలెన్సర్ మునిగేంత నీళ్ళుంటే దాటకపోవడమే పని. దాటుతూ మధ్యలో ఆగిపోతే అక్కడే కిక్కు కొట్టొద్దు, సెల్ఫు నొక్కొద్దు. సిలిండరులోకి నీళ్ళు చేరి ఉంటే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి తోసుకొచ్చి ప్లగ్గు విప్పండి. తాళంచెవి ఆఫ్‌లో ఉంచి నాలుగైదు కిక్కులు నెమ్మదిగా కొడితే నీళ్ళు ప్లగ్గు రంధ్రంలోంచి బయటికొస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి ఆరబెట్టండి. కొలపుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిసిన టీ రంగులో ఉంటే అందులో నీళ్ళు చేరినట్టే, స్టార్ట్ చేయకుండా ఆయిలు మార్చాలి. ఒకసారి మార్చి కాసేపు నడిపాక మళ్ళీ మార్చాల్సి రావొచ్చు. నీళ్ళలోంచి వచ్చాక డ్రమ్ము బ్రేకులు పట్టవు. నెమ్మదిగా నడుపుతూ కొద్దికొద్దిగా నొక్కితే ఆ వేడికి ఆరుతాయి.

ఏ మోడలు

సెల్ఫ్ ఉన్న ఐటచ్ మోడలుకీ కిక్కు మోడలుకీ ధరలో తేడా ఉంటుంది. ఇంటింటికీ ఆగుతూ పాలో చేపలో అమ్మేవాళ్ళకి, ఆడవాళ్ళకి, పెద్దవాళ్ళకి సెల్ఫ్ తీసుకోవడమే నయం. ఒక్కో కిక్కు మోకాలికి శిక్షే. కంఫర్ట్ మోడలు మనుషులకి, హెవీ డ్యూటీ సరుకులకి. పేర్లలోనే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు తీసుకున్న కొటేషన్లు పట్టుకుని బేరమాడొద్దు.

ట్యాంకు 4 లీటర్లే. లీటరుకి 50 వచ్చినా నిండు ట్యాంకుతో 200 కిలోమీటర్లు, ఊళ్ళో పనికి చాలు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండిలో (బీఎస్6 బండ్లన్నీ ఇవే) ట్యాంకు అడుగంటేదాకా నడపకండి, పంపు పొడిగా తిరిగితే చెడుతుంది. సీసాలో తెచ్చిన పెట్రోలు పోసేటప్పుడు వడకట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పాత కార్బురేటర్ బండి వారాల తరబడి నిలిపి ఉంచాల్సి వస్తే కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి పెట్రోలు వంపేయాలి. లేదంటే జెట్టు మూసుకుపోయి, స్టార్టయినా రేజ్ అందుకోదు.

దీనికి లైసెన్సు అక్కర్లేదన్న మాట ఇంకా వినిపిస్తుంది. 16 ఏళ్ళకే లైసెన్సు ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికి. ఇది 99.7 సీసీ కాబట్టి 18 నిండాలి, గేర్లు లేని మోటారు సైకిలు లైసెన్సు ఉండాలి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ తప్పనిసరే. ఇంట్లో పదో తరగతి కుర్రాడి చేతికిచ్చి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ డబ్బు యజమాని నుంచే రాబట్టొచ్చు.

పాత బండి కొనేటప్పుడు

నంబరు ప్లేటు చూస్తేనే కొంత తెలుస్తుంది. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 సిరీసుకి మారింది. కాబట్టి 30, 35 ఉన్న ఎక్సెల్ 100లన్నీ కార్బురేటర్ బండ్లే. ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది 2020లో బీఎస్6తో. ఏపీ 39లో రెండూ ఉంటాయి, ఆర్సీలో తయారీ నెల చూడాలి. కార్బురేటర్ బండి చెడ్డదేం కాదు. మారుమూల పల్లెలో ఉండేవాళ్ళకి అదే సుఖం, ఏ మెకానిక్కయినా విప్పి బిగిస్తాడు. ఇంజెక్షన్ బండిలో డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతూ ఉంటే స్కానర్ ఉన్న చోటికే పోవాలి.

చల్లగా ఉన్న బండినే స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఆగకుండా వస్తే రింగులో, వాల్వు సీళ్ళో పోయాయి. వెనక చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ ఒక్కో స్పోకుని చిన్న స్పానరుతో తట్టండి, మొద్దు శబ్దం ఇచ్చేవి వదులైనవి. కాళ్ళు పెట్టే చోట రబ్బరు మ్యాటు ఎత్తి చూడండి. చేపల బండి అయితే కింద రేకు తుప్పుతో చిల్లులు పడి ఉంటుంది, పైన రంగు ఎంత మెరిసినా సరే. ఫ్రేము గొట్టానికి వెల్డింగ్ మచ్చలుంటే ఆ బండి వదిలేయండి. తర్వాత ఎదురుగా ఎత్తున్న చోట మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ఆపి కదిలించండి. ఇంజను అరిచి బండి ఆలస్యంగా కదిలితే క్లచ్చు ఖర్చు ధరలోంచి తగ్గించి అడగాలి.

ఈ బండ్లు చాలావరకు ఫైనాన్సులో కొన్నవే. ఆర్సీలో హైపోథికేషన్ అని ఉంటే అప్పు తీరినట్టు ఫైనాన్సు వాళ్ళిచ్చిన ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బివ్వండి. ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ళ సంతకాలు తీసుకుని బండి పేరు మార్పించుకోవాలి. లైఫ్ టాక్సు మొదట్లోనే కట్టేసి ఉంటుంది. 15 ఏళ్ళ గడువు దగ్గరపడిన బండి అయితే రెన్యువల్ ఖర్చూ, గ్రీన్ టాక్సూ ఎవరు కట్టుకోవాలో బేరంలోనే తేల్చుకోండి.